ఇంకొక్క తిప్పు

ఆదివారం పొద్దున్నే, నీటిపైపుల ఇంజినీరుగా రిటైరైన మామగారు ఇంట్లో ఒక ప్రకటన చేశారు. పాత కార్ల ప్రదర్శనకు తన ఆకుపచ్చ కారును ఈసారి అల్లుడే నడుపుతాడట! అల్లుడి చేతిలో టీ కప్పు ఎగిరి గంతేసినంత పనైంది. పెళ్లయిన నాటి నుంచి ఆ కారులో అతనికి వెనక సీటు తప్ప మరొకటి దక్కలేదు. తాళం మామగారితో పాటు స్నానానికి కూడా వెళ్తుంది.

"ఒకే ఒక్క షరతు అల్లుడుగారూ! బయల్దేరేలోపు ఇంజిన్ ఆయిలు మీ చేత్తో మార్చాలి. బండి సంగతి తెలిసినవాడే స్టీరింగు పట్టుకోవాలి."

"అదెంత పని మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు. అతను బ్యాంకు గుమాస్తా. ఆయిలు మార్చడం ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాడు, అదీ సగమే.

మొదట అంతా సజావుగానే సాగింది. కారు అడుగున బోల్టు విప్పితే నల్లటి పాత ఆయిలు పళ్లెంలోకి కారింది. బోల్టు మళ్లీ బిగించాడు. బాగానే బిగిసింది. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయేది. కానీ మామగారి కారాయె! జాగ్రత్త కోసమని ఇంకొక్క తిప్పు తిప్పాడు. స్పానరు కింద ఏదో మెత్తగా లొంగినట్టయింది. పట్టు కుదిరిందనుకుని సంబరపడి, పైనుంచి కొత్త ఆయిలు డబ్బా మొత్తం పోసేశాడు.

ఎందుకైనా మంచిదని మళ్లీ కారు కిందికి దూరి బోల్టును ఇలా ముట్టుకున్నాడో లేదో, అది అరచేతిలో ఊడిపడింది. వెనకే ఆయిలు! ముందూ వెనకా చూడకుండా చూపుడువేలు రంధ్రంలో పెట్టేశాడు. ధార ఆగింది. వేలు తీస్తే ఆయిలు పోతుంది, ఆయిలు పోతే స్టీరింగు పోతుంది.

"ఏమండీ, అయిందా?" అంటూ భార్య వంగి చూసింది.

"గట్టిగా అరవకు! బోల్టు మరలు పోయాయి. రంధ్రంలో వేలు పెట్టి ఆపాను."

"తీసెయ్యండి మరి."

"తీస్తే వరదే! పరిగెత్తి మెకానిక్‌ని పిలుచుకురా. వెనక గుమ్మంలోంచి వెళ్లు. మీ నాన్నగారికి మాత్రం తెలియనివ్వకు."

ఆమె పరిగెత్తింది. అయితే ఆ వీధి చివరి మెకానిక్‌ను అందరూ 'నిదానం' అని పిలుస్తారు. ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈలోగా మామగారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ప్యాంటుతో వచ్చారు. కారు కింద నుంచి బయటకు వచ్చిన రెండు కాళ్లను చూసి మురిసిపోయారు. "శభాష్! ఎంత శ్రద్ధ! ఇంకా ఎంతసేపు అల్లుడుగారూ?"

వేలి పక్కనుంచి సన్నగా కారుతున్న ఆయిలు అప్పటికే అల్లుడి మూతి దాకా వచ్చింది. నోరు తెరిస్తే గుటక తప్పదు.

"బాబూ, టిఫిను చల్లారిపోతోంది!" అని అత్తగారు వచ్చారు. పలుకు లేదు, కాళ్లలో కదలిక లేదు, కారు కింద ఏదో తడి. "అయ్యో! పిల్లాడు కారు కింద నలిగిపోయాడండోయ్!"

ఆ కేకకు ఎదురింటి కాంపౌండరుగారు సగం గీసిన గడ్డంతో ఊడిపడ్డారు. చీలమండ పట్టుకుని నాడి చూశారు. "ఉంది! కానీ గుర్రంలా పరిగెడుతోంది. లాగండి బయటికి!"

వద్దు వద్దన్నట్టు అల్లుడు కాళ్లు తపతపా కొట్టాడు.

"ఫిట్స్ కూడానా!" అంటూ కాంపౌండరుగారు ఒక కాలు, మామగారు ఒక కాలు పట్టి ఒక్క గుంజు గుంజారు. వేలు ఊడింది. ఆయిలు మీద అల్లుడు సబ్బుబిళ్లలా జారి వచ్చాడు. ఆ ఊపుకు మామగారు వెల్లకిలా పడ్డారు. తెల్లబట్టలు కాస్తా చూస్తుండగానే రంగు మారిపోయాయి.

"నా కారు!" అని అరిచారు మామగారు. అత్తగారి వైపు చూసి, "అల్లుడు... అల్లుడికేం కాలేదు కదా?" అని సర్దుకున్నారు.

సరిగ్గా అప్పుడే కూతురి వెంట నిదానం దిగాడు. అల్లుడి పిడికిట్లోంచి బోల్టు తీసుకుని గుడ్డతో తుడిచాడు. మరల మధ్యలోంచి తెల్లటి పీలికలు బయటపడ్డాయి.

అత్తగారు దగ్గరికొచ్చి చూశారు. "ఇది కుళాయిలకి చుట్టే టేపు కదూ! వంటింట్లో కుళాయి కారుతోందని మొత్తుకుంటే, టేపు అయిపోయిందన్నారు. దీనికా చుట్టింది?"

మామగారు నీళ్లు నమిలారు. "అంటే... పోయినసారి నేను బిగిస్తుంటే మర కొంచెం జారింది..."

"అందుకా నాన్నా, ఈసారి ఆయనకి స్టీరింగు ఆశ పెట్టావు?" అంది కూతురు.

అల్లుడు ఆనందం పట్టలేకపోయాడు. ఒళ్లంతా ఆయిలుతోనే లేచి నిలబడి, "నేను కాదు! నేను చెడగొట్టలేదు!" అని కేక పెట్టాడు.

"సగం ఆయన, సగం మీరు," అన్నాడు నిదానం.

తర్వాత అతను రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, రాలిన లోహపు రజను తుడిచి, కొత్త మరలు కోసి, అందులో స్ప్రింగులాంటి తీగచుట్ట కూర్చాడు. టేపు ఊడదీసిన పాత బోల్టే అందులో బుద్ధిగా ఎక్కింది. స్పానరుతో బిగించి ఆపాడు.

"ఇంకొక్క తిప్పు!" అన్నారు మామా అల్లుళ్లు ఒక్క గొంతుతో.

అత్తగారు ఇద్దరినీ ఎగాదిగా చూశారు. చెయ్యి చాపారు. మామగారు మారు మాట్లాడకుండా తాళం ఆ చేతిలో పెట్టారు. అల్లుడి చెయ్యి కూడా ఆశగా చాచే ఉంది. ఆవిడ దాన్ని దాటి వెళ్లి తాళం కూతురికిచ్చారు. ఆ అమ్మాయి పెళ్లికి ముందే లైసెన్సు తీసుకుంది. నడుపుతావా అని అడిగిన మగాడే ఆ ఇంట్లో లేడు.

కొత్త ఆయిలు పోసుకుని కారు కమ్మగా మోగుతూ బయల్దేరింది. తల్లి ముందు సీట్లో ధీమాగా కూర్చుంది. వెనక సీట్లో పరిచిన పాత పేపర్ల మీద మామా అల్లుళ్లు భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నారు. వీధి మలుపులో గేరు మార్చమని చెప్పాలని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూశారు.