ఎద్దులకు మార్కులు

పదకొండు గంటల బస్సుకు ప్రొఫెసరు తిమ్మరాజుగారు బాగలూరులో దిగుతారు. ఈలోగా మిగిలిన నాలుగు కొలతలూ తీసేసి, మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సుకు ఎదురుపోవాలి. ఆ పొద్దున వెంకటేశప్ప వేసుకున్న పథకం అంతే.

వెంకటేశప్ప విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజనీరింగులో పైచదువు చదువుతున్నాడు. రెండేళ్ళ చదువులో అది అతనికి మూడో ఏడు. నాటు మడకతో నేల దున్నడానికి ఎంత లాగుడు కావాలన్నది అతని పరిశోధన. మడకకూ కాడికీ నడుమ డైనమోమీటరు తగిలిస్తే, ఎద్దులు నడిచేటప్పుడు అది ఎన్ని కిలోల లాగుడో ముల్లుతో చూపిస్తుంది. మొదటి ఏడు వాన రాలేదు. రెండో ఏడు వాన వచ్చింది గానీ, డైనమోమీటరును వేరే విద్యార్థి పట్టుకుపోయి బావిలో పడేశాడు. ఈ ఏడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, వానా వచ్చింది, కొత్త డైనమోమీటరూ వచ్చింది, జూలైలోగా పట్టా చూపిస్తే కృష్ణగిరిలో ఉద్యోగమని కబురూ వచ్చింది.

మేనమామ కేశవప్ప ఇంట్లో దిగి, ఆయన చేనులో, ఆయన ఎద్దులతోనే పని మొదలుపెట్టాడు. ఒకే జత ఎద్దులతో తొమ్మిది కొలతలు తీయాలని ప్రొఫెసరుగారి ఆజ్ఞ. అయిదు అయ్యాయి.

"తిని పోరా, ఆ గడియారం యాడికీ పోదు" అని అత్త మారక్క సంగటి ముద్ద పెట్టింది. ముల్లున్న ప్రతి వస్తువూ ఆమె లెక్కలో గడియారమే.

తిని చేనికి పోయేసరికి పక్క చేను పిల్లప్ప గట్టు మీద నిలబడి ఉన్నాడు. కేశవప్పకూ పిల్లప్పకూ ఇరవై ఏళ్ళుగా పోటీ. ఒకరు పైకప్పుకు పెంకు మారిస్తే రెండోవారికి నిద్ర పట్టదు.

"ఏమప్పా వెంకటేశా, మీ మామ ఎద్దులకు ఆ గడియారం ఎంత చెప్పింది?"

"నలభై ఎనిమిది అన్నా."

"మా ఎద్దులకు ఒక తూరి కట్టి చూడు, ఏమయితాదో."

పని చెడదు కదా అని వెంకటేశప్ప కట్టి చూశాడు. పిల్లప్ప చేను రెండేళ్ళుగా మడక ముఖం చూడనిది. గడ్డపార వేస్తే ఖంగుమనే నేల. ఎద్దులు మెడలు చాచి లాగితే ముల్లు డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. పిల్లప్ప ఆ అంకె ఒక్కటి విని, మడక అక్కడే వదిలేసి ముత్తప్ప టీ అంగడికి నడిచాడు.

ముత్తప్ప పదో తరగతి పరీక్షకు నాలుగుసార్లు కూర్చున్నవాడు. మార్కుల సంగతి ఊళ్ళో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

"అరవై దాటితే ఫస్టు క్లాసు. నీ ఎద్దులు ఫస్టు క్లాసప్పా" అని తీర్పు చెప్పాడు. "కేశవప్పవి ముప్పై అయిదు దాటినాయి కాబట్టి పాసు. ఊరికే పాసు."

సరిగ్గా అప్పుడే కేశవప్ప టీ తాగడానికి వచ్చాడు. తాగకుండానే వెనక్కి తిరిగాడు. నేరుగా చేనికి పోయి, సగం చాలులో నిలబడి ఉన్న ఎద్దుల కాడి విప్పేశాడు.

"మామా! ఇంగా నాలుగు ఉండాయి!"

"ఆ నాలుగూ పిల్లప్ప ఎద్దులకే ఏసుకో. నా ఎద్దులకు చదువు రాదు."

"అది మార్కు కాదు మామా!"

"ఊరంతా మార్కని చెప్తా ఉండారు, నువ్వు కాదంటావా? ఉలవలు ఉడకబెట్టి పెట్టినాను. ఎండాకాలంలో నేను తాగే ముందు వాటికి తాపినాను. నలభై ఎనిమిదా రా?" ఎద్దుల్లో ఒకటి తోక ఆడించింది.

తొమ్మిదిన్నర అయింది. ఎద్దులు పోతే కొలతలు పోతాయి, కొలతలు పోతే పట్టా పోతుంది, పట్టా పోతే కృష్ణగిరి పోతుంది. వెంకటేశప్ప మామ చేయి పట్టుకున్నాడు.

"మామా, నిజం చెప్తా ఉండా. తక్కువ రావడమే మేలు."

ఇది నిజమే. ఇక్కడితో ఆపి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"ఏం మేలు?"

నేల మెత్తదనం, తేమ, రాపిడి ఇవన్నీ చెప్పాలంటే అరగంట పడుతుంది. ముందు రోజు సాయంకాలం మారక్కకు చెప్పి చూశాడు. ఆమె కూర్చున్నచోటే కునుకు తీసింది. అతనికి హఠాత్తుగా తన సిద్ధాంత గ్రంథంలోని మొదటి పేజీ గుర్తొచ్చింది. పాత విద్యార్థి ఒకాయన గ్రంథం నుంచి ఎత్తి రాసుకున్న వాక్యం అది. ఆయన ఎక్కడి నుంచి ఎత్తాడో ఎవరికీ తెలియదు.

"లాగే బలం తక్కువుండే చోట సర్కారు ట్రాక్టర్లు ఇచ్చేది మంచిదని నా పుస్తకంలో మొదటి పేజీలోనే రాసిండా మామా."

కేశవప్ప మేనల్లుణ్ణి చూశాడు. తర్వాత ఎద్దులను చూశాడు. ఆ మూగజీవాలలో ఇంత విషయం ఉందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

"ఒక టీ తాగి వస్తా. వచ్చినాక కడతా" అని పోయాడు.

ఆయన టీ తాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఊరికే కూర్చోలేదు.

పదిన్నరకు చేని గట్టు మీద ముప్పై జతల ఎద్దులు బారులు తీరాయి. ఫస్టు క్లాసు మాట విని బయలుదేరినవాళ్ళు కొమ్ములకు నూనె రాసి తెచ్చారు. ట్రాక్టరు మాట విని వచ్చినవాళ్ళు ఇంట్లో ఉన్నవాటిలో బక్కవి ఏరి తెచ్చారు. ముందు వచ్చినవాళ్ళకు అసలు సంగతి తెలిసి, కొమ్ముల నూనె తుడవడం మొదలుపెట్టారు. మారప్ప పొరుగూరి నుంచి ముసలి ఎద్దును అడిగి తెచ్చాడు. దానికి మడక కాదు, తన తల మోయడమే కష్టంగా ఉంది. వరమ్మ అయితే పాడి ఆవునూ దాని దూడనూ కలిపి కాడి కట్టింది.

"ఇవి కూడా రాసుకో నాయినా, మా ఇంట్లో ఇంతే బలం" అంది.

వెంకటేశప్ప వద్దనే లోపల డైనమోమీటరు చేతులు మారిపోయింది. మడక పట్టినవాడల్లా దాన్ని జానెడు పైకెత్తి పట్టుకుని నడిచాడు. పన్నెండు, తొమ్మిది, ఏడు. ఒక్కో అంకెకూ గట్టు మీద చప్పట్లు. కేశవప్ప పక్కన నిలబడి, తనవి నలభై ఎనిమిదని ఇప్పుడు కొత్తగా బాధపడుతున్నాడు.

పిల్లప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"వెంకటేశా, నా డెబ్బై ఒకటి కొట్టేయప్పా! పొద్దున ఎద్దులు ఏదో హుషారులో లాగేసినాయి. మళ్ళా పరీక్ష పెట్టు!"

ఆ గోలలో పదకొండు గంటల బస్సు వచ్చి పోయింది. ప్రొఫెసరు తిమ్మరాజుగారు తోలుసంచి చంకన పెట్టుకుని తానే నడిచి వచ్చారు. ముత్తప్ప ఎదురుపోయి ఎళనీరు బోండాం కొట్టి చేతిలో పెట్టాడు.

"ఎర్రదా, నీలందా సార్? మాకు ఏదైనా ఒకటే."

"ఏది?"

"ట్రాక్టరు సార్."

ప్రొఫెసరుగారు నేరుగా వచ్చి, వెంకటేశప్ప చేతిలోని కొలతల పుస్తకం లాక్కుని చూశారు. ఆవూ దూడా దగ్గర ఆయన వేలు ఆగింది.

"నాలుగు కిలోలా? మడక నేలలో ఉండాదా, గాల్లో ఉండాదా?"

ప్రొఫెసరుగారు గట్టెక్కి నిలబడ్డారు. ఆయనదీ కృష్ణగిరి పక్క పల్లెటూరే. చదువు కాసేపు పక్కన పెట్టి, ఊరి మాటలోనే అరిచారు.

"అప్పా, ఆ ముల్లు ఎద్దుల్ని కొలిచేది కాదు, నేలను కొలిచేది! నేల గట్టిగా ఉంటే ఎక్కువ చూపిస్తాది, మెత్తగా ఉంటే తక్కువ చూపిస్తాది. ట్రాక్టరు మాట ఎవురు చెప్పినారు?"

ముప్పై జతల కళ్ళు వెంకటేశప్ప మీద పడ్డాయి. ఎద్దుల కళ్ళు వేరే.

"మొదటి పేజీలో ఉంది సార్" అన్నాడు సన్నగా.

"నేను చదివి సంతకం పెట్టిన మొదటి పేజీలోనా?"

"అవును సార్."

ప్రొఫెసరుగారు ఆ విషయం అంతటితో వదిలేసి ఎళనీరు తాగారు.

జనం మాత్రం వదల్లేదు. "మా పొద్దంతా పాడు చేసినావు కదరా" అంటూ మారప్ప ముందుకొచ్చాడు. ముసలి ఎద్దును మళ్ళీ పొరుగూరికి తోలుకుపోవాలన్న తలంపే అతనికి చెమటలు పట్టిస్తోంది. వెంకటేశప్ప ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, కృష్ణగిరి ఉద్యోగానికి మనసులోనే దండం పెట్టేశాడు.

అంతలో కేశవప్ప పగలబడి నవ్వాడు.

"అట్లయితే నా నేల నలభై ఎనిమిది! పిల్లప్పది డెబ్బై ఒకటి! పిల్లప్పా, అది చేనా, బండా?"

"ఏయ్ కేశవప్పా, నోరు జాగర్త!"

"నేను చెప్పలేదప్పా, గడియారం చెప్పింది. సారు కూడా చెప్పినారు."

మారప్ప ఆగాడు. అతని చేను పిల్లప్ప చేనుకు అవతల పక్కనే. "నా నేల ఎంతుంటాదో ఒక తూరి చూడప్పా" అన్నాడు, గొంతు మార్చి. వెనక నుంచి ఇంకొకరు "ముందు నాది" అన్నారు. విడిపోయిన బారు మళ్ళీ కట్టింది, ఈసారి ఎద్దులు లేకుండా.

ప్రొఫెసరుగారు శిష్యుణ్ణి పక్కకు పిలిచారు.

"ఒక్క నేలలో తొమ్మిది కొలతలు చాలన్నాను. ఇప్పుడు ముప్పై నేలలు పిలుస్తా ఉండాయి. ఒకే జత ఎద్దులు, ఒకే మడక. మడక మాత్రం నువ్వే పట్టు. ఇంకెవురి చేతికిచ్చినా గాల్లో దున్నుతారు."

ఎనిమిది రోజులు పట్టింది. వెంకటేశప్ప అరచేతులు బొబ్బలెక్కాయి. మారక్క పసుపు రాసి గుడ్డ కట్టింది. కేశవప్ప ఎద్దులు ఊళ్ళో ప్రతి చేనులోనూ నడిచాయి. వాటి వెనకాల కేశవప్ప, ఎవరూ పిలవకపోయినా, ప్రతి చేనులోనూ నడిచాడు. డెబ్బై ఒకటిని దాటిన నేల ఇంకొకటి దొరకలేదు. పిల్లప్ప అటువైపు రావడం మానుకుని, చేనికి ఎరువు తోలించే పనిలో పడ్డాడు.

జూలై మొదటి వారంలో మౌఖిక పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిరగేసి ఆశ్చర్యపోయాడు. ముప్పై మంది రైతులు దుక్కి రోజుల్లో పనులు మానుకుని ఒక విద్యార్థికి తమ పొలాలు అప్పగించడం తన సర్వీసులో చూడలేదన్నాడు. వాళ్ళను ఎలా ఒప్పించావని అడిగాడు.

వెంకటేశప్ప ప్రొఫెసరుగారి వైపు చూశాడు. ప్రొఫెసరుగారు కిటికీ వైపు చూశారు.

"శాస్త్రీయంగా వివరించి చెప్పాను సార్" అన్నాడు వెంకటేశప్ప.