చుక్కమ్మ గిట్టలకు కమిటీ మందు

ఒక పెద్ద అడవిలో నాలుగు జంతువులు పనిచేస్తుంటే నలభై జంతువులు వాటిని పర్యవేక్షిస్తుండేవి.

ఆ పనిచేసే నాలుగింటిలో చుక్కమ్మ అనే గుర్రం ఒకటి. ఎగువన ఏరు పొంగితే దిగువ అడవికి పరిగెత్తుకెళ్ళి కబురు చెప్పడం ఆమె ఉద్యోగం. పాపం, చుక్కమ్మది గాలి పీల్చినా ఒళ్ళు చేసే తత్వం. అందుకని నాలుగు గడ్డిపోచలతో సరిపెట్టుకునేది. ఒళ్ళయితే అదుపులోనే ఉంది కానీ, తిండితోపాటు అందాల్సిన ఖనిజాలు కూడా తగ్గిపోయి గిట్టలు పగుళ్ళిచ్చాయి.

వానలు ఇంకో నెలలో ఉన్నాయి. చుక్కమ్మకు భయం పట్టుకుంది. తను పరిగెత్తలేకపోతే దిగువనున్న కుందేలు పిల్లలు బొరియల్లోనే మునిగిపోతాయి. వెళ్ళి అధ్యక్షుడైన ఏనుగుకు మొరపెట్టుకుంది.

"అయ్యా, దాణా వద్దు. రోజుకో చిటికెడు ఖనిజాల పొడి ఇప్పించండి, చాలు."

"ఎందుకు ఇప్పించం తల్లీ! ఏ మందు ఇవ్వాలో తేల్చడానికి ఇప్పుడే కమిటీ వేస్తున్నాం," అంది ఏనుగు. ఎలుగుబంటిని సభ్యుడిగా, నక్కను కార్యదర్శిగా అక్కడికక్కడే వేసేసింది.

చుక్కమ్మ కూడా ఓ పక్కన నిలబడబోతే నక్క అడ్డుపడింది.

"నువ్వు లబ్ధిదారువమ్మా, బయటుండాలి. నువ్వు లోపలుంటే చర్చంతా నీ గురించే జరుగుతుంది."

మూడు నమూనాలు వచ్చాయి. మందంటే రుచి చూడకుండా ఎలా ఎంచుతారు? ఎలుగుబంటి మొదట ఉత్త ఖనిజాల పొడి నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"థూ! ఇది మందా, శిక్షా?"

రెండోది నాకే ఉప్పురాయి. "ఉప్పు వద్దు. నన్ను డాక్టరు మానేయమన్నాడు," అంది ఏనుగు.

మూడోది బెల్లం పాకంలో నానిన దాణా. పొడి అందులోనే ఎక్కడో ఉందని బస్తా మీద రాసుంది. కమిటీ దాన్ని ఒకసారి పరిశీలించింది. సందేహం తీరక మళ్ళీ పరిశీలించింది. బస్తాలో సగం అయిపోయేసరికి ఏకాభిప్రాయం కుదిరింది.

"పొడి సరిపడా అందాలంటే పూటకో గంపెడు తినాలట," అంటూ నక్క బస్తా మీది రాత చదివి రాసుకుంది.

నీళ్ళు మోసుకొచ్చిన గాడిద ఆ మాట విని ఆగింది.

"బాబూ, అంత దాణా తింటే చుక్కమ్మ ఒళ్ళు పెరిగి కాళ్ళు పడిపోతాయి. ఆ చేదు పొడే ఓ చిటికెడు తడిగడ్డిలో కలిపి పెట్టండి."

"నీకేం తెలుసు? ఏం చదివావు?" అని నక్క కళ్ళెర్రజేసింది.

"చదువెందుకండీ, నా గిట్టలు చూడండి."

"గిట్టలు కాదయ్యా, సర్టిఫికెట్ చూపించు."

గాడిద నీళ్ళు దించి వెళ్ళిపోయింది.

చుక్కమ్మ తినక తప్పింది కాదు. తినకపోతే మందు మానేసినట్టు రాస్తామని నక్క బెదిరించింది. మూడు వారాలకు కమిటీ తనిఖీకి వచ్చింది. ఎలుగుబంటి ఓ తీగ తెచ్చి చుక్కమ్మ నడుం కొలిచింది.

"అబ్బో, తీగ చాలడం లేదు! మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది!"

"అయ్యా, నిలబడలేకపోతున్నాను. గిట్టల్లో నిప్పులు పోసినట్టుంది," అని చుక్కమ్మ ఏడ్చింది.

'లబ్ధిదారు కదలకుండా ప్రశాంతంగా ఉంది,' అని నక్క రాసుకుంది.

వానలు పడ్డాయి. దిగువన ఏటి ఒడ్డున కమిటీ ప్రగతి సమీక్ష జరుపుతుండగా ఎగువన ఏరు పొంగింది. గుట్ట మీదున్న చుక్కమ్మ అది చూసి పరిగెత్తబోయి రెండడుగులకే కూలబడింది. ఇక చేసేదేమీ లేక గొంతు చించుకుని సకిలించింది.

"ఇంకో గంప అడుగుతున్నట్టుంది," అంది ఎలుగుబంటి.

"మంజూరు," అంది ఏనుగు.

చుక్కమ్మ ఊరికే అరవదని కుందేళ్ళకు తెలుసు. పిల్లల్ని నోట కరుచుకుని గుట్టెక్కేశాయి. కమిటీ మాత్రం తర్వాతి అంశానికి వెళ్ళింది. ఆ అంశం సగంలో ఉండగా నీళ్ళొచ్చాయి. దాణా బస్తాలన్నీ కొట్టుకుపోయాయి. నక్కా ఎలుగుబంటీ ఏనుగు వీపెక్కి ప్రాణాలు దక్కించుకున్నాయి. వీపు మీదే అత్యవసర సమావేశం జరిగింది. వేళకు పరిగెత్తి కబురు చెప్పనందుకు చుక్కమ్మకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలని తీర్మానం నెగ్గింది.

దాణా పోవడంతో చుక్కమ్మకు పీడ విరగడైంది. కమిటీ అవతల పారేసిన నాడే ఏరి గుట్ట మీద దాచిన చేదు పొడిని గాడిద తెచ్చి, రోజూ ఓ చిటికెడు తడిపిన ఎండుగడ్డిలో కలిపి పెట్టింది. నెలలు పట్టింది కానీ ఒళ్ళు తగ్గింది, నొప్పి తగ్గింది, గట్టి గిట్ట వచ్చింది. ఒక పొద్దున చుక్కమ్మ గుట్ట దిగి ఏటిదాకా పరిగెత్తుకొచ్చేసరికి కుందేళ్ళు గంతులేశాయి.

ఆ వారమే నోటీసు రద్దు చేసి, మందు ఎంపికలో చూపిన దూరదృష్టికి కమిటీకి ఘనంగా సన్మానం చేశారు. శాలువాలు మోసుకొచ్చింది గాడిదే.

నీతి: గుర్రం పరిగెత్తితే కమిటీ గొప్ప, కూలబడితే గుర్రం తప్పు.