మేడమ్ ఎడమపక్క కుర్చీ

ఆదివారం పొద్దున హిందూపురంలో రైలెక్కక ముందే చంద్రప్ప తన కార్యక్రమం ఖాయం చేసుకున్నాడు. ధర్మవరం వెళ్లాలి, మేనేజర్ ఉషారాణి ఇంట్లో భోజనం చేయాలి, ఆ తర్వాత ఆవిడతో పోకర్ ఆడాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ గెలవకూడదు.

పెనుకొండలో ఆయన పనిచేసే విత్తనాల కంపెనీ ఆఫీసులో ఒక మాట గుసగుసగా తిరుగుతోంది. ఆవిడను పేకాటలో ఓడించిన ఒకాయన నెల తిరక్కుండా రామగిరికి బదిలీ అయ్యాడట. ఇప్పుడు అమరాపురంలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, ఎవరిని పంపేదీ ఈ వారమే తేలుతుంది. చంద్రప్ప భార్య నీలావతికి హిందూపురంలో టైలరింగ్ షాపుంది, ఆమె కదలదు. ఆమె లేకుండా ఈయనకు కుక్కర్ మూత పెట్టడం కూడా రాదు. ఆఫీసులో ఎవరైనా అమరాపురం అంటేనే లేచి బయటికి పోతున్నాడు.

"ఓడిపోయేదానికి గూడా చదవల్లనా?" అంది నీలావతి, వారంగా ఫోనుకు అతుక్కుపోయిన మొగుణ్ణి చూసి.

"చదవల్ల. తలా రెండు ముక్కలిస్తారు. ఆడేదా, పడేసేదా వరసగా చెప్పల్ల. ముందు చెప్పేవానికి వెనకోళ్ల సంగతి తెలీదు. వాడు గట్టి ముక్కలుంటేనే దిగల్ల. చివర చెప్పేవాడు అందర్నీ చూసి చెప్తాడు. నేను మేడమ్ ఎడమపక్క కూర్చుంటే ఆమె తర్వాతే నా వంతు. ఆమె దిగితే నేను పడేస్తా, ఆమె పడేస్తే నేను దిగుతా. మా ఇద్దరికీ తగాదానే రాదు."

పెనుకొండలో రైలెక్కిన తోటి గుమాస్తా సురేష్‌కు ఈ రహస్యం చెప్పలేదు. భోజనాలయ్యాక సురేష్ ఆ ఎడమపక్క కుర్చీ మీద చెయ్యి వేయబోతే, చంద్రప్ప దాదాపు అతని ఒళ్లో కూర్చున్నంత పని చేసి దాన్ని దక్కించుకున్నాడు. పందెం వేరుశనగ గింజలే. ప్రతి ఆటకూ తలా రెండు గింజలు ముందే మధ్యలో పెట్టాలి. ఉషారాణి అత్తగారు సరోజమ్మ ముక్కలు కలిపి, కుడివైపుగా పంచడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఎడమపక్కకు గదా పంచేది?"

"మా ఇంట్లో ఏ ఆటైనా కుడిపక్కకే నాయనా. మా మామ కాలం నుంచీ అంతే."

చంద్రప్ప వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. ఆట కుడివైపుకు తిరిగితే, దాదాపు ప్రతిసారీ ముందు తను చెప్పాలి, ఆ వెంటనే మేడమ్ చెబుతుంది. ఆవిడ దిగుతుందో లేదో తెలియకుండా తను దిగితే, ఖర్మకాలి గెలిస్తే? భయంతో ఎనిమిది ఆటలు వరసగా పడేశాడు. ఒకసారి రెండు ఆసులొచ్చినా కళ్లు మూసుకుని పడేశాడు.

"ఏం చంద్రప్పగారూ, మా ఇంట్లో ఆడేదానికి ఇష్టం లేదా?" అంది ఉషారాణి.

పడేస్తే కోపం, గెలిస్తే బదిలీ. ఇక మిగిలింది ఒకటే దారి, పనికిరాని ముక్కలతో దిగి ఓడిపోవడం. ఏడు, రెండు రాగానే "ఆడతా మేడమ్" అన్నాడు.

మేడమ్ పడేసింది. "అమ్మో, ఇంతసేపు పడేసిన అన్న మొదటి వంతులోనే దిగినాడంటే ఊరికే దిగడు," అని సురేష్ పడేశాడు. సరోజమ్మా పడేసింది. ఆటలో ఒక్కడే మిగలడంతో గింజలన్నీ చంద్రప్ప ముందుకొచ్చాయి.

మళ్లీ చెత్త ముక్కలతో దిగాడు, మళ్లీ అందరూ జడిసి తప్పుకున్నారు. అతని చేతులు వణికేకొద్దీ, గొప్ప ముక్కలొచ్చిన సంతోషం పట్టలేక వణుకుతున్నాడని వాళ్లు అనుకున్నారు. గింజల కుప్ప పెరిగింది. ఆ కుప్పను చూస్తుంటే చంద్రప్పకు ఏడుపొచ్చింది.

చివరికి మళ్లీ ఏడు, రెండు వచ్చాయి. మొదటి వంతు తనదే. ఇక తెగించి కుప్పంతా మధ్యలోకి తోసేశాడు. "దేవుడా, ఈసారైనా ఓడించు" అని లోపల మొక్కుకున్నాడు.

ఉషారాణి తన ముక్కల్ని చాలాసేపు చూసింది. "నా దగ్గర రెండు రాణులుండాయి. కానీ వెనక ముగ్గురుండంగా, ముందే ఇంత తోసినాడంటే ఆయన దగ్గర రాజులో ఆసులో ఉండాల" అని పడేసింది. మిగతా ఇద్దరూ అదే బాట పట్టారు.

సరోజమ్మ ఆగలేక చంద్రప్ప ముక్కలు తిప్పి చూపించింది. ఏడూ రెండూ బయటపడ్డాయి.

చంద్రప్ప లేచి నిలబడ్డాడు. "తప్పయింది మేడమ్. నేను ఓడిపోదామనే..."

"కూర్చోండి." ఉషారాణి నవ్వింది. "రామగిరికి పోయినాయన బ్రాంచి ఇన్‌ఛార్జిగా పోయినాడు, తెలుసునా? అమరాపురానికి ఎవర్ని పంపల్లో తెలీక నెల నుంచీ తల పట్టుకున్యా. చేతిలో ఏమీ లేకపోయినా అందరికంటే ముందు దిగే గుండె కావల్ల ఆడికి. పొద్దున దాకా మీ పేరు నా లిస్టులోనే లేదు."

సోమవారం ఉత్తర్వు చేతికొచ్చింది. అమరాపురం బ్రాంచిలో ప్రస్తుతానికి ఒక్కటే కుర్చీ ఉంది కాబట్టి, ఏ పక్కన కూర్చోవాలన్న బెంగ మాత్రం చంద్రప్పకు తీరింది.