బడికి సంబంధం కుదిరింది

ఆ ఏడు మే నెల బదిలీల్లో దిన్నెపాడు హైస్కూలు భవనానికి కూడా బదిలీ అయింది. ఉత్తర్వు ప్రకారం అది సెలవులు ముగిసేలోగా పక్క మండలానికి వెళ్లి అక్కడి అధికారి ముందు హాజరు కావాలి. కిటికీలు, గంట, కాంపౌండు గోడ వెంట తీసుకెళ్లవచ్చు. వేపచెట్టుకు మాత్రం ప్రయాణ భత్యం ఇవ్వరు.

ఊరికి ఇది కొత్త కాదు. అంతకుముందే ఆస్పత్రికి బదిలీ అయింది. అది ఒక సాయంత్రం, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్నట్టు మెట్లు ఎత్తిపట్టుకుని వెళ్లిపోయింది. దాని స్థలంలో గుమ్మడి పాదు బాగా కాస్తోంది. సముద్రం పక్క నుంచి వచ్చిన పశువుల ఆస్పత్రి ఇక్కడి ఎండకు తాళలేక మధ్యాహ్నాలు చింతతోపులో పడుకుంటుంది. గొడ్లు అక్కడికే వెళ్లి చూపించుకుంటాయి.

ఈసారి దెబ్బ చంద్రలీలకు తగిలింది. ఆ పిల్ల పదో తరగతిలోకి వచ్చింది. తండ్రి మాలకొండయ్య సంగతి విని, అన్నం కలుపుతూనే తేల్చేశాడు.

"బడి ఊళ్లో ఉంటే చదువుకో అమ్మా. పొలిమేర దాటితే మానుకో. ఆడపిల్లను పరాయి ఊరు పంపేది లేదు."

చంద్రలీల ఎదురు చెప్పే పిల్ల కాదు. తండ్రి కంచంలో మజ్జిగ పోసి లోపలికి వెళ్లిపోయింది. వెనకే నాయనమ్మ రోశమ్మ వెళ్లింది. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి సంబంధాలు కుదిర్చేది ఆవిడే.

"అమ్మే, మీ తెలుగు పంతులమ్మకు బదిలీ ఎందుకాగింది?"

"వాళ్లాయన ఇక్కడే పంచాయతీ ఆఫీసులో చేస్తాడుగా నాయనమ్మా. మొగుడూ పెళ్లాం ఒకే ఊళ్లో ఉద్యోగమైతే కదిలించరంట."

"మరింకేం. బడికి పెళ్లి చేద్దాం."

సర్పంచి ఏడుకొండలు మండల ఆఫీసుకు వెళ్లి వాకబు చేశాడు. అక్కడి గుమస్తా నియమాన్ని రెండుసార్లు చదివి, దంపతులు మనుషులే అయి ఉండాలని ఎక్కడా లేదని, ఇద్దరిదీ ప్రభుత్వ ఉద్యోగమైతే చాలని చెప్పాడు.

వరుడి కోసం వెతకడంలో ఊరి చరిత్రంతా బయటికి వచ్చింది. ఒకే మేస్త్రి చేతి కట్టడాలు తోబుట్టువులవుతాయి. పంచాయతీ ఆఫీసు, గ్రంథాలయం, బడి మూడూ పీరయ్య మేస్త్రి కట్టినవే. రైసుమిల్లు వరస కలుస్తుంది, నెమ్మదస్తుడు కూడా, కాని ప్రైవేటు. మిగిలింది పోస్టాఫీసు. అది తెల్లదొరల కాలం నాటి విడిది బంగళా. రోడ్డు సర్వేకు వచ్చే దొర కోసం కట్టారు. దొర ఒక్క రాత్రి పడుకుని, దోమలు కుట్టాయని మళ్లీ రాలేదు. అప్పటినుంచి బంగళా పెళ్లి మాట ఎత్తలేదు.

మాటలకు పోస్టుమాస్టరు పెళ్లికొడుకు తరఫున కూర్చున్నాడు.

"మావాడిది సెంట్రల్ గవర్నమెంటమ్మా."

"సెంట్రలయితే మాత్రం? నెత్తిన పెంకులు సగం ఊడినయ్యి," అంది రోశమ్మ.

"మీ పిల్ల వానొస్తే కారటంలా?"

"కారుద్ది. దాచి చెయ్యటంలా గదా."

బడి, బంగళా రోడ్డుకు అటొకటి ఇటొకటి నిలబడి ఎన్నో ఏళ్లుగా చూసుకుంటూనే ఉన్నాయి కాబట్టి పెళ్లిచూపులు అవసరం లేకపోయాయి. ఊరంతా కలిసి రెండింటికీ సున్నం వేసింది. పసుపుతాడు గోడల చుట్టూ తిప్పడానికి నులక పేనేవాళ్లందరూ కూర్చున్నారు. తలంబ్రాలు డాబా మీద నుంచి బస్తాలతో పోశారు. ఊళ్లో కోళ్లు వారం రోజులు ఇళ్లకు రాలేదు. ఫొటోగ్రాఫరు "కొంచెం దగ్గరికి జరగండి" అన్నప్పుడు బంగళా సిగ్గుపడుతూ జరిగింది. ఆ జరగడంలో మురుగుకాలవ పూడిపోయింది. ఫొటో జత చేసి పంపగానే బదిలీ రద్దయింది.

బడి తెరిచిన కొన్నాళ్లకు ఆషాఢం వచ్చింది. కొత్త దంపతులు ఆ నెల ఒక పొలిమేరలో ఉండకూడదు, పెళ్లికూతురు పుట్టింటికి పోవాలి. ముహూర్తం పెట్టించిన వాళ్లలో ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. బడి పుట్టిల్లు పలకరాయి గని. దాని గోడల రాయంతా అక్కడిదే. గని పొలిమేర అవతల ఉంది.

బడి గంట సర్దుకుంటుంటే మాలకొండయ్య పాత మాటే మళ్లీ అన్నాడు. చంద్రలీల గుమ్మంలోకి వచ్చింది. తలెత్తకుండా అడిగింది.

"నాయనా, కొత్త పెళ్లికూతుర్ని ఒక్కదాన్నే పంపుతారా? తోడు ఆడపిల్ల పోవద్దా?"

మాలకొండయ్య తల్లి వైపు చూశాడు.

"పోవాల. తోడు లేకుండా పంపితే పుట్టింటోళ్లు మొహాన ఉమ్ముతారు," అంది రోశమ్మ.

"చదువుకని పంపను. ఆచారమంటే ఎట్టా కాదంటా," అన్నాడు మాలకొండయ్య.

తోడు ఎంతమంది వెళ్లాలో ఆచారంలో లేదు. అందుకని ఊళ్లో ఆడపిల్లలందరూ వెళ్లారు. అంతకు ముందెప్పుడో చదువు మానేసిన వాళ్లు కూడా తలంటుకుని, పూలు పెట్టుకుని బయల్దేరారు. గని తన బిడ్డను చూసి మెత్తబడింది. ఎక్కడ రాసినా బలపం పలికింది. పిల్లలు నేల మీద లెక్కలు చేశారు, రాతి గోడల మీద దేశపటాలు గీశారు, ఎండ తగ్గాక చెరిపేసి మళ్లీ రాశారు. బంగళా రోజూ పోస్టుమాన్ చేత ఒక ఖాళీ కార్డు పంపింది. శ్రావణం రాగానే బడి కొత్త చీర రంగు వేసుకుని తిరిగొచ్చింది.

చంద్రలీల వచ్చే ఏడు ఇంటర్ చదవాలంటే పట్నం కాలేజీకి వెళ్లాలి. రోశమ్మ ఆ కాలేజీని కట్టిన మేస్త్రి ఎవరో, దానికి దిన్నెపాడు భవనాల్లో దేనితోనైనా వరస కలుస్తుందేమో ఇప్పటినుంచే కనుక్కుంటోంది. మాలకొండయ్య అడ్డు చెప్పలేదు. ఆడపిల్లను పరాయి ఊరు పంపనన్నాడు గాని, చుట్టాలింటికి పంపనని ఆయన ఎప్పుడూ అనలేదు.