మెట్ల మీది గుమ్మడికాయ

ఆ రోజు కళ్లద్దాల షాపుకి వారపు సెలవు. అందులో కళ్లు పరీక్షించి అద్దాలు బిగించే ఆయన మాత్రం పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరుతో తాడో పేడో తేల్చుకోవడానికి సిద్ధమై కూర్చున్నాడు. వానాకాలం వెళ్లిన దగ్గర్నుంచీ ఓనరుగారి స్నానాలగదిలోని నీళ్లు వీళ్ల పడకగదిలోకి కారుతున్నాయి. సరిగ్గా మంచం మధ్యలో బకెట్ పెట్టి, దానికి అటొకరూ ఇటొకరూ పడుకుంటున్నారు భార్యాభర్తలు. అడిగినప్పుడల్లా ఓనరుగారు "చూద్దాం" అంటారు. చూడడమంటే ఏమిటో తనకి తెలిసినంతగా ఈ వీధిలో ఎవరికీ తెలియదనీ, ఇది చూడడం కానే కాదనీ అతని ఆక్రోశం.

భార్య కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర పనిచేస్తుంది. రోజంతా జనం కేకలు వినీ వినీ ఆమెకి ఒక సంగతి బాగా వంటబట్టింది. కేకలేసినవాడి పని ఎప్పుడూ ఆఖర్నే అవుతుంది.

"గొడవకి వెళ్లకండి. మేడమీది బాబాయిగారినీ పిన్నిగారినీ సాయంత్రం భోజనానికి పిలిచాను. మన ఇంట్లో తిన్నాక మన మాట కాదనలేరు," అంది చెప్పులు వేసుకుంటూ.

"కారేది మన నెత్తిన, విందు ఆయనకా?"

"విందు ఆయనకే. వండేది మీరు. నాకు డ్యూటీ ఉంది."

చెయ్యాల్సిన వంటకం గుమ్మడికాయ పాస్తా. కాయని ఉడికించి మెత్తగా మెదిపి, వెల్లుల్లి వేగాక మీగడ పోసి, ఎర్రగా వేయించిన చికెన్ సాసేజ్ ముక్కలూ, ఉడికిన పాస్తా కూడా కలపాలి. చిన్నపిల్లాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది. సొంత తెలివి వాడొద్దని మూడోసారి చెప్పింది. సరుకులు కిరాణా షాపువాళ్లే గుమ్మం దగ్గర పెట్టి వెళతారంది. అతనికి ఒళ్లు మండింది గానీ, మండిన ఒంటితోనే తల ఊపాడు.

అతను స్నానం ముగించేసరికి గుమ్మం దగ్గర సంచి ఉంది. పాస్తా, సాసేజ్‌లు, మీగడ, వెల్లుల్లి, చీజ్ అన్నీ ఉన్నాయి, గుమ్మడికాయ తప్ప. పెళ్లికి అందరూ వచ్చి పెళ్లికొడుకు రానట్టుంది. వెంటనే షాపుకి ఫోన్ చేసి కడిగేశాడు. అన్నీ గుమ్మం దగ్గరే పెట్టించామనీ, సరిగ్గా చూసుకోమనీ అన్నాడు షాపాయన. ఊరందరికీ సరిగ్గా చూడ్డం నేర్పేవాడిని పట్టుకుని సరిగ్గా చూసుకోమనడమా అని ఉడికిపోతూ తలుపు తెరిచాడు. మెట్ల మలుపులో, గాలి వచ్చే కిటికీ కింద, ఒక బుట్ట కనిపించింది. అందులో మెడ సన్నగా, పొట్ట బొద్దుగా, గంధం రంగులో మెరుస్తున్న గుమ్మడికాయ పసిపాపలా శాలువా కప్పుకుని పడుకుని ఉంది.

అతను అన్యాయాన్ని సహించడు, అది తనవల్ల జరిగినా సరే సహించడు. మళ్లీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాడు. సరుకుని ఇంత అపురూపంగా పంపేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారండీ అని మెచ్చుకున్నాడు. అవతల షాపాయన కాస్త తడబడి, "మా పద్ధతే అంతండీ," అన్నాడు.

ఇక కొయ్యడం మొదలైంది. కత్తి దిగింది గానీ మళ్లీ రాలేదు. కత్తిని పైకెత్తితే కాయ కూడా లేచి వచ్చింది. కాయని పట్టుకుని లాగితే అతనే వెనక్కి వెళ్లి సింకుకి కొట్టుకున్నాడు. ఆఖరికి దాన్ని నేలకేసి బాదాడు. అదీ లాభం లేక, కత్తి వీపు మీద సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. వాయింపు జోరుగా సాగుతుండగా ఓనరుగారి భార్య దిగి వచ్చి, వాళ్లాయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నారనీ, ఆ చప్పుడు కాస్త ఆపమన్నారనీ చెప్పింది. ఇన్నాళ్లుగా తన ఇంట్లోంచి కిందికి కారే నీటి చప్పుడు వినపడని మనిషికి, పరాయివాడి వంటింట్లో సుత్తి దెబ్బ వినపడిందన్నమాట. అయినా విందు సంగతి గుర్తొచ్చి, సుత్తికి తువ్వాలు చుట్టి, కోపమంతా దానిలోకి దించి ఒక్కటి వేశాడు. కాయ రెండుగా విచ్చుకుంది.

ఆ తర్వాత అన్నీ సాఫీగానే జరిగాయి. కాయ వెన్నలా ఉడికింది. వెల్లుల్లి కమ్మగా వేగింది. మీగడ పోసి కలుపుతుంటే, తనలో ఇంత పనితనం ఉందని ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదేమిటని మరో కొత్త కోపం కూడా వచ్చింది. సాసేజ్ ముక్కలు పెనం మీద చిటపటమంటుండగా బెల్లు మోగింది. గుమ్మంలో షాపాయన, చేతిలో గుమ్మడికాయ.

"పొద్దున సంచిలో ఇది వెయ్యడం మర్చిపోయామండీ. మీరేమో ఫోన్ చేసి అంతలా మెచ్చుకున్నారు. నాకు మనసొప్పలేదు. నేనే తెచ్చాను," అన్నాడు.

అతను ఆ కాయ వైపు చూశాడు. వంటింట్లో ఉడుకుతున్న గిన్నె వైపు చూశాడు. షాపాయన కాయ చేతికిచ్చి మెట్లు దిగి వెళ్లాడో లేదో, మలుపులోంచి ఓనరుగారి కేక వినపడింది.

ఓనరుగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. తూకాల్లో మోసం చేసేవాళ్లని పట్టుకోవడం ఆపేశాక, డాబా మీద కుండీల్లో గుమ్మడిపాదు పెంచడం మొదలుపెట్టారు. మర్నాడు ఊళ్లో కూరగాయల పోటీ ఉంది. పోటీకి పెట్టదలచిన ఒక్కగానొక్క కాయ ఇంట్లో గాలాడక మగ్గిపోతుందని, గాలి తగిలేలా మెట్ల మలుపులో పెట్టి, గీతలు పడకుండా శాలువా కప్పారు. ఎదురింటి పోస్టుమాస్టరుగారు, ఆయనా రిటైరైన మనిషే, పోటీకి ఒక కాయని పెంచారు. కాబట్టి దొంగ ఎవరన్న విషయంలో ఓనరుగారికి ఇసుమంతైనా సందేహం లేదు. "గుమ్మడికాయ దొంగ" అని అరుస్తూ చెప్పులు కూడా లేకుండా వీధిలోకి దిగారు.

సామెతలోవాడు ఊరికే భుజాలు తడుముకున్నాడు. ఇతనికి మోచేతుల దాకా గుజ్జు అంటుకుని ఉంది. ముందు భయం వేసింది, తర్వాత అలవాటు ప్రకారం కోపం వచ్చింది. బంగారం లాంటి కాయని నలుగురూ తిరిగే మెట్ల మీద పెట్టమని ఎవరు చెప్పారు? కాయకి కాయ ఇస్తే సరిపోతుంది కదా. చేతులు తుడుచుకుని, షాపాయన తెచ్చిన కాయని మలుపులోనే ఉన్న బుట్టలో పడుకోబెట్టి, మెడ దాకా శాలువా కప్పి వచ్చేశాడు.

ఓనరుగారు పోస్టుమాస్టరుగారిని జబ్బ పట్టుకుని, నేరం జరిగిన చోటు చూపించడానికి తీసుకొచ్చారు. బుట్టలో కాయ ఉంది. పోస్టుమాస్టరుగారు నడుం మీద చేతులు వేసుకుని, ఉన్న కాయని పోయిందన్న మనిషికి కావలసింది కళ్లజోడు అన్నారు. ఓనరుగారు వంగి చూశారు. జేబులోంచి టేపు తీసి చుట్టూ కొలిచారు. లేచేసరికి ఆయన ముఖం మారిపోయింది.

"ఇది నాది కాదు. మార్చేశాడు," అన్నారు.

దాంతో దొంగతనం కాస్తా మోసమైంది. దొంగతనమైతే ఆయన క్షమించేవారేమో. సర్వీసంతా కొలతల్లో మోసాన్ని వేటాడిన మనిషి గుమ్మంలోనే మోసమా అని మండిపడ్డారు. పోస్టుమాస్టరుగారి వంటింటికి వెళ్లి అక్కడున్న కాయని కూడా కొలిచారు. అది నిక్షేపంగా పోస్టుమాస్టరుగారిదే. అయితే నాది నరికి పారేసి ఉంటావన్నారు. పోస్టుమాస్టరుగారికి అక్కడ పౌరుషం వచ్చింది. ఒకరి ఉత్తరం ఒకరికి వెయ్యకుండా జీవితం గడిపిన మనిషిని పట్టుకుని ఈ మాటా అని, న్యాయం తేల్చుకోవడానికి ఆయనే మళ్లీ మెట్లెక్కి వచ్చారు. అతను తలుపు సందులోంచి అంతా వింటూనే ఉన్నాడు. ఒకసారి గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే భార్య డ్యూటీ ముగించుకుని వచ్చింది. మెట్ల మీద ఇద్దరు పెద్దమనుషులు ఊగిపోతున్నారు. ఏమిటని కూడా అడగలేదు. ఆఫీసు అలవాటు కొద్దీ, ముందు కూర్చోండి, భోజనం చేసి మాట్లాడుకుందాం అని ఇద్దరినీ లోపలికి నడిపించింది. పైనుంచి పిన్నిగారిని కూడా పిలిచింది. అతను ఆమెని వంటింట్లోకి లాగి చెవిలో జరిగింది చెప్పాడు. ఆమె గిన్నె మూత తీసి చూసింది. మళ్లీ పెట్టేసింది.

"ఇప్పుడు చెబితే కారే ఇల్లు కూడా ఉండదు మనకి. నోరు మెదపకుండా వడ్డించండి," అంది.

వడ్డించాడు. పోస్టుమాస్టరుగారు రెండో ముద్దకి మెత్తబడ్డారు. మూడో ముద్దకి కళ్లు మూసుకున్నారు. ఇంత తీపి, ఇంత నునుపు తను ఏ గుమ్మడికాయలోనూ చూడలేదన్నారు. ఎవరు పండించారో గానీ వాళ్ల చేతికి దణ్ణం పెట్టాలన్నారు. శత్రువు మెచ్చుకుంటే ఓనరుగారు ఎలా ఊరుకుంటారు? ఫోర్కుతో పక్కకి తోస్తూ, సాసేజ్ ఫరవాలేదు, పాస్తా ఫరవాలేదు, కాయే దండగన్నారు. అంతా నీరు, పైగా పీచు అన్నారు.

"ఈ కాయని పండించినవాడికి పాదు పెట్టే అర్హత లేదు. వండినవాడికి అది తెలుసుకునే తెలివీ లేదు," అని తేల్చేశారు.

మొదటి మాటకి అతను ఊరుకున్నాడు. రెండోదానికి ఊరుకోలేకపోయాడు. పొద్దున్నించి పడ్డ పాట్లు, సింకుకి కొట్టుకున్న వీపు, వెన్నలా మెదిపిన గుజ్జు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. భార్య బల్ల కింద కాలు తొక్కుతున్నా ఆగలేదు.

"అది మీ కాయేనండీ," అన్నాడు. "మెట్ల మీదున్నది షాపువాళ్లు పెట్టారనుకుని వండేశాను. తప్పు నాది. పీచు మాత్రం లేదు."

పడకగదిలో బకెట్‌లోకి ఒక చుక్క పడిన చప్పుడు అందరికీ వినపడింది. ఓనరుగారు నోట్లో ఉన్నదాన్ని మింగాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయారు. ముందు తేరుకున్నది పోస్టుమాస్టరుగారు. ఇప్పుడు చల్లారాక చూస్తే కాస్త పీచు తగులుతున్నట్టే ఉందని సణిగారు.

"తగలదు. దణ్ణం పెట్టాలన్నావు. నలుగురూ విన్నారు," అన్నారు ఓనరుగారు. గబగబా నమిలి మింగారు. ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. పోటీలో న్యాయనిర్ణేతలు మెచ్చుకుంటే ఏముంది, వాళ్లకి ఏం తెలుసు? ఎదురింటివాడు, అందులోనూ సొంత కాయని పక్కన పెట్టుకుని ఉన్నవాడు, కళ్లు మూసుకుని మరీ మెచ్చుకున్నాడు. ప్లేటు ముందుకి జరిపి, ఇంకాస్త వడ్డించమన్నారు. తొందరపడి దొంగ అన్నానని పోస్టుమాస్టరుగారికి కూడా చెప్పారు గానీ, అది వడ్డించే చప్పుడులో సరిగ్గా వినపడలేదు.

పిన్నిగారు అప్పటిదాకా తలెత్తకుండా తింటోంది. తన ప్లేటు ఖాళీ చేసి, నెమ్మదిగా మూతి తుడుచుకుంది.

"ఆ కాయకి కప్పిన శాలువా నాది. చలికి వెతుక్కుంటున్నాను," అంది.

మర్నాడు పొద్దున్నే ఓనరుగారు ప్లంబరుని వెంటబెట్టుకుని వచ్చి, దగ్గరుండి పైపు మార్పించారు. కారడం గురించి అతను పోగుచేసుకున్న మాటలన్నీ వాడకుండానే మిగిలిపోయాయి. అదొక్కటి మాత్రం అన్యాయమని భార్యతో రెండు రోజులు వాదించాడు. ఆ పోటీలో మొదటి బహుమతి పోస్టుమాస్టరుగారి గుమ్మడికాయకే వచ్చింది. పోటీకి వచ్చిన గుమ్మడికాయ అదొక్కటే.