మంకీక్యాప్ కింద నవల

డుంబ్రిగుడ సంత రోజు పొద్దున్నే వరహాలరావు కొట్టు తెరిచి, మంకీక్యాప్ చెవుల మీదికి లాక్కున్నాడు. చలికి కాదు. లోపల ఇయర్‌ఫోన్లున్నాయి. సాయంత్రం ఆ కొట్టు అరుగు మీదే చదువరుల సంఘం కూడుతుంది. ఈ నెల నవల గురించి అధ్యక్షుడిగా తనే మాట్లాడాలి. గల్లాపెట్టె మీది పుస్తకమేమో తొలి పేజీ దాటలేదు. పగలంతా బేరాలు, పొద్దుగూకితే కునికిపాట్లు.

ఫోన్లో వినడం తప్పేం కాదు. కాకపోతే, కొండలెక్కుతూ నవలలు వినే నర్సు అనూషను "వినడం చదవడం కాదు" అంటూ కిందటి నెల సంఘంలోంచి తీసేసింది అతనే. ఈ సంగతి బయటపడితే పదవి పోతుంది. పప్పూ బెల్లం తూచే మనిషికి ఊళ్లో ఉన్న గౌరవమల్లా అదే.

కథ మొదలైంది. ఊకొట్టకపోతే చిన్నప్పుడు నాయనమ్మ కథ ఆపేసేది. ఆ భయం ఇంకా పోలేదు.

"సావుకారూ, సంతయ్యేదాకా మేకల్ని ఇక్కడ కట్టీమంతావా?" అన్నాడు సుక్రు.

"ఊఁ."

"నా ముల్లంగి కట్టలు నీడనెట్టుకుంతాను, వాడిపోతన్నాయి" అంది ముత్యాలమ్మ.

"ఊఁ."

"బాబాయ్, ఇంటే సదివినట్టేనని ఇప్పుడైనా ఒప్పుకుంతారా?" అంది అటుగా వచ్చిన అనూష.

"ఊఁ."

"అయితే సాయంత్రం వచ్చెత్తాను!"

నవల అయ్యేసరికి పొద్దు వాలింది. కళ్లు తుడుచుకుని చూస్తే మేకలు ముల్లంగి ముగించి పుస్తకం మొదలెట్టాయి. అరుగు మీద సభ్యులు, వాళ్ల మధ్య అనూష.

"ఎవడ్రా వీటిని కట్టింది?"

"నువ్వు ఊఁ అంతేనే కట్టీసినాను సావుకారూ!"

"నాకినపడలేదు!"

"పొద్దున్నుంచీ ఎదురుగానే కూకున్నావు, ఇనపడకపోడానికి సెవుల్లో ఏటెట్టుకున్నావు?" అని గయ్‌మంది ముత్యాలమ్మ.

టోపీ దాకా వెళ్లిన చెయ్యి దిగిపోయింది. "విన్నాను. అన్నిటికీ ఒప్పుకున్నాను" అన్నాడు నీరసంగా.

ముల్లంగి నష్టం నెత్తిన పడింది. అనూష మళ్లీ సభ్యురాలైంది. ఇక మిగిలింది ప్రసంగం. పుస్తకం మేక కడుపులో ఉన్నా వరహాలరావు తడుముకోలేదు. గొంతు బరువెక్కించి, ఆగాల్సిన చోట ఆగి, ముగింపు దాకా చెప్పి, "చివరి అధ్యాయం సమాప్తం. విన్నందుకు ధన్యవాదాలు" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గొంతునీ ఆ ధన్యవాదాలనీ కిందటి వారమే కొండదారిలో విన్న అనూష మాత్రం కొట్టలేదు. వెళ్తూ వెళ్తూ దగ్గరికొచ్చి, టోపీ వైపు చూసి గొంతు తగ్గించింది.

"సార్జింగయిపోయిందేటి, బాబాయ్?"

"ఊఁ" అన్నాడు వరహాలరావు. ఆ రోజు మొత్తం మీద అతను విని అన్న ఊఁ అదొక్కటే.