పెద్ద ఈగ కడుపులో క్లారీ

వాండిల్లా ఊరి బయట హైవే పక్కనున్న పెద్ద ఈగ బొమ్మను శుక్రవారం పదింటికి క్రేను వచ్చి దించేస్తుందని ఊరి పాలన చూసే షైర్ కౌన్సిల్ వాళ్ళు నోటీసు అంటించారు. ఆ శుక్రవారం బెరిల్ టకర్ ఆరింటికే లేచి, టీ అయినా తాగకుండా కారు తీసింది. ఆమె పథకం చిన్నదే. ఈగ కడుపు కింది తలుపు తీసి లోపలికి దూరాలి. మొగుణ్ణి బయటికి తీయాలి. ఎవరి కంటా పడకుండా ఇంటికి చేరి, మధ్యాహ్నం బస్సులో అతనితో సహా అడిలైడ్‌లోని చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలి.

మొగుడంటే మొగుడి బూడిద. క్లారీ పోయి నాలుగేళ్లయింది. గొర్రెలు పెంచి బతికినవాడు. ఆ ఈగను కట్టిందీ అతనే, ఇనప చట్రం మీద ఫైబర్‌గ్లాసు పరిచి, లారీ అంత పొడుగున. ఒక ఎండాకాలం ఈగలు గొర్రెల ఒళ్ళంతా పురుగులు పెట్టి సగం మందను తినేస్తే, "అరటిపండుకీ రొయ్యకీ రోడ్డు పక్కన పెద్ద పెద్ద విగ్రహాలు పెట్టుకున్న దేశం మనది. నన్ను ముంచినదానికి నేనొకటి పెట్టుకుంటే తప్పేంటి?" అన్నాడు. ఇరవై రెండేళ్లలో అక్కడ ఆగిన యాత్రికుల్లో సగం మంది దాని చాటున మూత్రానికే ఆగారు. ఇప్పుడు ముందు కాలు తుప్పు పట్టి, ఈగ మొత్తం రోడ్డు మీదికి ఒరిగింది.

పోయేముందు క్లారీ ఆమె చెయ్యి పట్టుకుని, "నన్ను శ్మశానంలో పెట్టకే. ఈగలో పెట్టు. వచ్చేపోయే బళ్ళు చూసుకుంటూ ఉంటాను," అన్నాడు. కానీ అతను పోయిన మర్నాడే ఊరి అగ్నిమాపక దళం సమాధికి రాయి చెక్కించేసింది. ముప్ఫై ఏళ్లు దళంలో జీతం లేకుండా పనిచేసినవాడాయె. పని అంటే ఏమీ లేదు, మంట ఆరిపోయి అందరూ టీ తాగే వేళకి ఊడిపడేవాడు. ఒక్క మంటకీ వేళకి వచ్చిన పాపాన పోలేదు. అయినా వాళ్ళకి అతనంటే ప్రాణం. ఆ రాయి చూశాక వద్దనడానికి బెరిల్‌కి నోరు రాలేదు. ఒక డబ్బాలో ఇసుక నింపి సమాధిలో పెట్టించింది. అసలు మొగుణ్ణి బిస్కెట్ల డబ్బాలో పోసి ఈగ కడుపులో దాచింది. నాలుగేళ్లుగా ప్రతి క్రిస్మస్‌కీ ఊరంతా వెళ్లి ఆ ఇసుక మీద బీరు పోసి వస్తోంది.

డబ్బా చట్రంలో ఇరుక్కుపోయింది. డెబ్భై ఒకటో ఏట బెరిల్ నడుము దాకా ఈగలో దూరి, డబ్బాని లాగుతూ, తిడుతూ, మళ్ళీ లాగుతూ ఉంది. సరిగ్గా అప్పుడే గొర్రెల లారీ ఒకటి ఆ దారిన పోయింది. ఈగ పొట్టలోంచి రెండు కాళ్లు వేలాడుతుండటం డ్రైవరు చూశాడు. వెంటనే లారీలోని వైర్‌లెస్ రేడియోలో ఊరందరికీ, "క్లారీ పెళ్ళాం ఈగకి తనని తాను కట్టేసుకుంది. దించనివ్వదట!" అని చెప్పేశాడు. అట అనేది అతని సొంత కవిత్వం.

వాండిల్లాలో ఒక పద్ధతి ఉంది. కష్టంలో ఉన్నవాళ్ళని ఏమైందని అడగకూడదు. అడిగితే అమర్యాద. తినడానికేదో ఒకటి పట్టుకుని వచ్చి పక్కన నిలబడాలి, అంతే. అరగంటలో పదకొండు కార్లు వచ్చాయి. గ్యాసు పొయ్యి దిగింది, దాని మీద సాసేజీలు చిటపటలాడాయి. టీ బల్ల వెలిసింది.

"వదినా! భయపడకు, మేమొచ్చాం!" అని అరిచాడు నెవిల్. దళం కెప్టెన్, క్లారీ ప్రాణస్నేహితుడు.

"మీ కాళ్లకి దణ్ణం పెడతాను, ఇంటికి పోండర్రా!" అంది ఈగ కడుపులోంచి బెరిల్.

"విన్నావా? మనకి శ్రమ కలగకూడదని పొమ్మంటోంది," అని హెయిజల్ ముక్కు చీదింది. ఆడవాళ్ల సంఘానికి ఆవిడ ప్రెసిడెంటు. "బంగారం, బంగారం!"

చివరికి డబ్బా ఊడింది. డబ్బాతో పాటు బెరిల్ కూడా ఊడి గడ్డిలో పడింది. లేచేసరికి డబ్బా హెయిజల్ చేతిలో ఉంది.

"ఇంత బాధలోనూ వట్టి చేతులతో రాలేదు చూడు!" అంటూ ఆవిడ మూత తీసింది. బెరిల్ డబ్బా అందుకోబోయింది. హెయిజల్ లోపలికి చూసి, వేలితో ఒకసారి కెలికి, చుట్టూ ఉన్నవాళ్ళ మీద విరుచుకుపడింది. "ఇసుక! ఈ ఎండుగడ్డిలో పొయ్యి పెడుతూ పక్కన ఇసుక పెట్టుకోవాలని మీలో ఒక్కడికైనా తోచిందా? దళంలో ఉన్నవాడి పెళ్ళాం కాబట్టి బెరిల్‌కి తోచింది!" డబ్బా తీసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టేసింది.

బెరిల్ నిజం చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో నెవిల్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "వదినా, ప్రతి ఆదివారం వాడి సమాధి దగ్గర కూర్చుంటాను. మా ఆవిడకి చెప్పుకోలేనివన్నీ వాడికి చెప్పుకుంటాను. వాడు లేకపోతే నాకు పిచ్చెక్కేది." ఆ ముఖం చూశాక ఇంకేం చెబుతుంది? అందరూ తినే హడావిడిలో డబ్బా మెల్లగా తీసుకుపోదామని నోరు మూసుకుంది.

పదికి ఐదు నిమిషాలుండగా క్రేను వచ్చింది. ఊరు ఊరంతా పరిగెత్తి ఈగ చుట్టూ చేతులు పట్టుకుని నిలబడింది. పొయ్యి దగ్గర ఒక్క నరపురుగు లేదు. సాసేజీల కొవ్వు కారి కారి భగ్గుమంది. గాలి లేచి మంట గడ్డిలోకి పాకింది. దళం నీళ్ళ బండి చూస్తే షెడ్డులో ఉంది. అందరూ ఎవరి కారులో వాళ్ళు వచ్చారు మరి.

"ఇసుక! ఇసుక!" అంటూ నెవిల్ ఉరికాడు.

"వద్దు నెవిల్! అది వద్దు!"

"వద్దంటావేంటి వదినా, ఊరు తగలబడిపోతుంటే!" డబ్బా ఎత్తి సగం పొయ్యి మీద, సగం గడ్డి మీద కుమ్మరించాడు. మంట ఒక్కసారి మూలిగి ఆరిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. బెరిల్ మాత్రం మోకాళ్ళ మీద కూలబడి బూడిదని చేతులతో దగ్గరికి లాక్కోసాగింది. చేతులు కాలుతున్నా ఆపలేదు.

"అది ఇసుక కాదర్రా," అంది. "క్లారీ."

ఊరి పద్ధతి తప్పి మొదటి ప్రశ్న అడిగింది హెయిజలే. "మరి సమాధిలో ఉన్నదేంటే?"

"ఇసుక."

నెవిల్ నేల మీద చతికిలబడ్డాడు. "నాలుగేళ్లు... నేను చెప్పుకున్నదంతా ఇసుకకా?"

"పోనీలే, పదిమందికీ చెప్పదు," అంది హెయిజల్.

బెరిల్ ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఆయన్ని వెంట తీసుకుపోదామని వచ్చాను. ఆ మహానగరంలో ఆయన లేకుండా ఎలా ఉంటానని భయమేసి వచ్చాను. ఇంతమంది వచ్చారే, ఎందుకొచ్చావే ముసలిదానా అని ఒక్కరంటే ఒక్కరు అడిగారా?"

క్రేను డ్రైవరు, పాపం పొరుగూరివాడు, టోపీ తీసి, "అమ్మా, దించమంటారా?" అని అడిగాడు. ఆ రోజు ఆమెని అడగవలసింది అడిగినవాడు అతనొక్కడే. బెరిల్ దించమంది. ఆరు కాళ్లూ పైకి పెట్టి ఈగ లారీలో వెల్లకిలా పోతుంటే అందరూ టోపీలు తీసి నిలబడ్డారు. మాడని సాసేజీలు ఎవరు తిన్నారో తెలియదు గానీ, ఒక్కటీ మిగల్లేదు.

డబ్బా అడుగున పిడికెడు మిగిలింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బెరిల్ బస్సెక్కింది, కిటికీ వైపు, బళ్ళు కనిపించేలా. కొవ్వుతో కలిసిన మిగతా క్లారీని నెవిల్ పారతో ఎత్తి, సమాధి తవ్వి, ఈసారి నిజంగానే అక్కడ పెట్టాడు. తీసిన ఇసుకని దళం షెడ్డులో బకెట్లో పోశాడు. ఆదివారాలు కాసేపు సమాధి దగ్గర, కాసేపు బకెట్ దగ్గర కూర్చుంటున్నాడని వినికిడి.

దళం వాళ్ళు రాయి మీద క్లారీ పేరు కింద ఒక వాక్యం కొత్తగా చెక్కించారు: "ఒక మంటకి వేళకి వచ్చాడు."